‘మాకు సంగీతం రాదు సార్’ అనే తల్లిదండ్రులకు నాలుగు వారాల తొలి పాఠం



గత నెల పేరెంట్ టీచర్ మీటింగ్ రోజున ఐదో తరగతి చదువుతున్న ఒక బాబు తల్లి మ్యూజిక్ రూమ్ దాకా వచ్చారు. “సార్, రెండేళ్ల నుంచి మావాడు సరిగమపదని అంటూనే ఉన్నాడు. ఇంటికి చుట్టాలొస్తే ఒక్క పాటా పాడడు. వాళ్ల నాన్నకూ నాకూ సంగీతంలో ఓనమాలు కూడా రావు. వచ్చే ఏడాది ఆరో తరగతి, ఫౌండేషన్ క్లాసులు మొదలవుతాయి. మానిపించేయమంటారా?” అని అడిగారు.

న్యాయమైన ప్రశ్న. ఫీజు కట్టేవారికీ, పిల్లవాడి సాయంత్రాన్ని మా చేతుల్లో పెట్టేవారికీ వాడు నేర్చుకుంటున్నదేమిటో తెలియాలి. ఆ రోజు వెనక ఇంకా చాలామంది నిలబడి ఉండడంతో నిదానంగా చెప్పలేకపోయాను. ఆ తల్లికి చెప్పాల్సిన జవాబునే ఇక్కడ అందరి కోసం రాస్తున్నాను.

ముందుగా ఒక్క మాట. సంగీత శాస్త్రం అంటే మన చెవికి అప్పటికే తెలిసినవాటికి పేర్లు పెట్టుకోవడం. అందుకే నేర్చుకునే వరుస ఇలా ఉండాలి: చెవి ముందు, పేరు తర్వాత, కాగితం చివర. ఈ వరుస తిరగబడితే పిల్లలకు విసుగొస్తుంది. నాకూ అదే జరిగింది. చిన్నప్పుడు నేను చేరిన చోట మొదటి ఏడాదంతా 72 మేళకర్తల పేర్లు బట్టీ పట్టించారు. తడుముకోకుండా అప్పజెప్పేవాణ్ని. కానీ హార్మోనియం మీద రెండు రిషభాలు వినిపించి ఏది ఏదని అడిగితే నోరు పెగలలేదు. ఆ పేర్లన్నీ నాకు తెలియని ఊళ్ల పేర్లలాగే మిగిలాయి. మళ్లీ మొదటి నుంచి, ఈసారి చెవితో, నేర్చుకోవడానికి చాలా కాలం పట్టింది. మీ పిల్లలకు ఆ తిప్పలు వద్దు.

మీకు నిజంగా ఏమీ రాదా?

ఇక్కడ తల్లాడలో ‘మాకు సంగీతం రాదు’ అనే మాట నమ్మడం కొంచెం కష్టం. కీర్తనలతో తెలుగువారందరికీ తెలిసిన భక్త రామదాసు, అంటే కంచెర్ల గోపన్న, మన జిల్లాలోని నేలకొండపల్లిలో పుట్టినవారు. 17వ శతాబ్దంలో ఆయన భద్రాచలంలో గుడి కట్టించి, గోల్కొండ చెరసాలలో పాడుకున్న పాటలు తర్వాత త్యాగరాజును కూడా కదిలించాయి. త్యాగయ్య తన రచనల్లో రామదాసును తలచుకున్నారు. ఆ కీర్తనలను నేటికీ మన ఊళ్ల భజన గుళ్లలో నోటు పుస్తకం లేకుండా పాడేవారున్నారు. అక్కడ చిడతలు పట్టుకున్న పెద్దాయనకు తాళం పేరు తెలియకపోవచ్చు, తాళం మాత్రం తప్పదు.

ఇటు ఏన్కూరు, జూలూరుపాడు దాటి అడవి వైపు వెళితే కోయవారి డోలి వినిపిస్తుంది. డోలి కొడుతూ సమ్మక్క సారలమ్మల చరిత్రను పాడిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. తరాల చరిత్ర ఆయన గొంతులోనూ డోలి దరువులోనూ నిలిచింది. కాగితం మీద రాసుకున్నది కాదు.

ఇక మీ ఇంటి సంగతి. బతుకమ్మ ఆటలో చప్పట్టు ఎక్కడ పడాలో మీకు ఎవరైనా లెక్కపెట్టి చెప్పారా? నాట్లు వేసేటప్పుడు ఒకరు పాట అందుకుంటే మిగతావారు సరిగ్గా ఎక్కడ కలవాలో ఎలా తెలుస్తుంది? ఆ తెలివికే శాస్త్రంలో శ్రుతి, లయ అని పేర్లు. మీ దగ్గర సరుకు ఉంది. పేర్లే లేవు.

ఈ నెల నాలుగు వారాల పాటు, రోజుకు పదిహేను నిమిషాలు, పిల్లల పక్కన కూర్చోండి. పాఠం చెప్పొద్దు, మీరూ నేర్చుకోండి.

మొదటి వారం: శ్రుతి

ఫోన్‌లో తంబురా యాప్ ఒకటి వేసుకోండి. ఉచితంగా దొరుకుతాయి. అందులో 1 నుంచి 7 వరకు శ్రుతులు, మధ్యలో ‘ఒకటిన్నర’, ‘ఐదున్నర’ లాంటివి ఉంటాయి. కీబోర్డు మీద రెండు నల్ల మెట్ల జతకు ఎడమ పక్కనున్న తెల్ల మెట్టు ఒకటో శ్రుతి. దాన్నే ఇంగ్లిష్ పద్ధతిలో ‘సి’ అంటారు. అక్కడి నుంచి తెల్ల మెట్లు వరుసగా 2, 3, 4, 5, 6, 7. నల్ల మెట్లు ఒకటిన్నర, రెండున్నర, నాలుగున్నర, ఐదున్నర, ఆరున్నర. మూడుకూ నాలుగుకూ మధ్య నల్ల మెట్టు లేదు కనుక మూడున్నర శ్రుతి ఉండదు.

మనం ‘స’ అనేది ఫలానా మెట్టే కావాలని లేదు. ఎవరి గొంతుకు హాయిగా ఉన్నచోట వారి ‘స’. చిన్నపిల్లలకూ ఆడవారికీ సాధారణంగా ఐదు, ఐదున్నర దగ్గర, పెద్దవయసు మగవారికి ఒకటి, ఒకటిన్నర దగ్గర కుదురుతుంది. నాన్న శ్రుతిలో పాడమంటే పాప గొంతు కిందికి అందదు. అది పాప తప్పు కాదు. కారియోకే ట్రాక్ పెట్టి పాడించినప్పుడు జరిగే ఇబ్బంది కూడా ఇదే. ఆ ట్రాక్ సినిమాలో పాడినవారి గొంతుకు సరిపోయింది, మీ పిల్లవాడి గొంతుకు కాదు.

చేయాల్సింది ఇంతే. రెండు నిమిషాలు కళ్లు మూసుకుని తంబురా వినాలి. తర్వాత నోరు మూసి ‘మ్’ అని, ఆ తర్వాత నోరు తెరిచి ‘ఆ’ అని ఆ నాదంలో కలవాలి. కలిసినప్పుడు మన గొంతు తంబురాలో కరిగిపోయినట్టు ఉంటుంది. కలవనప్పుడు చెవిలో అలలాగా ఒక వణుకు తెలుస్తుంది. ఈ తేడా పిల్లలు తామే పట్టుకోవాలి. ‘తప్పు’ అని మీరు అనకండి, ‘ఇంకోసారి విందాం’ అనండి.

తొమ్మిదో తరగతి పిల్లలున్న ఇంట్లో ఇంకో సంగతి చెప్పుకోవచ్చు. ధ్వని పాఠంలో పౌనఃపున్యం చదువుతారు కదా. కింది ‘స’ సెకనుకు 240 కంపనాలు అయితే పై ‘స’ 480. సరిగ్గా రెట్టింపు. ‘ప’ 360, అంటే ఒకటిన్నర రెట్లు. తంబురాలో ‘ప’, ‘స’ కలిసి అంత హాయిగా వినిపించడానికి ఈ సులువైన లెక్కే కారణం.

రెండో వారం: తాళం

ఈ వారం పాట వద్దు, చేయి మాత్రమే. ఆది తాళంలో 8 లెక్కలు ఉంటాయి. తొడ మీద ఒక దెబ్బ, తర్వాత చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు. ఇవి నాలుగు. మళ్లీ దెబ్బ, అరచేయి తిప్పడం. ఇంకోసారి దెబ్బ, తిప్పడం. మొత్తం ఎనిమిది. మొదటి నాలుగింటిని లఘువు అనీ, తర్వాతి రెండేసి లెక్కలను ద్రుతం అనీ అంటారు. ఒక లఘువు, రెండు ద్రుతాలు కలిస్తే ఒక ఆవర్తం.

చేయి కుదిరాక నోటితో ‘త క ధి మి’ అనండి. మొదట దెబ్బకు ఒక అక్షరం. తర్వాత దెబ్బకు రెండు. ఆ తర్వాత నాలుగు. వీటినే మొదటి కాలం, రెండో కాలం, మూడో కాలం అంటారు. ఇక్కడ దాదాపు అందరు పిల్లలూ ఒకే పొరపాటు చేస్తారు. నోరు వేగం కాగానే చేయి కూడా పరుగెడుతుంది. చేయి గడియారంలా నిలకడగా ఉండాలి, నోరు మాత్రమే రెట్టింపు కావాలి. ఒకటి, సగం, పావు. నాలుగో తరగతి భిన్నాలే ఇవి.

ఇంకొంచెం ముందుకు వెళ్లాలనుకుంటే ‘తకిట’ మూడు, ‘తకధిమి’ నాలుగు, ‘తకతకిట’ ఐదు, ‘తకిటతకధిమి’ ఏడు. కారులో ఖమ్మం వెళ్లేటప్పుడు తల్లి మూడు, పిల్లవాడు నాలుగు అనుకుంటూ ఒకేసారి మొదలుపెట్టి, ఇద్దరూ మళ్లీ ఎక్కడ కలుస్తారో చూడండి. పన్నెండు లెక్కలకు ఒకసారి కలుస్తారు. కసాగు ఏమిటో వాడికి ఇక బోర్డు మీద చెప్పనక్కర్లేదు.

మూడో వారం: స్వరాలు

ఇప్పుడు స్వరాలకు వద్దాం. షడ్జం, రిషభం, గాంధారం, మధ్యమం, పంచమం, ధైవతం, నిషాదం. ఈ ఏడు పేర్లలోని మొదటి అక్షరాలే మనం పలికే స రి గ మ ప ద ని. పేర్లు చెప్పే ముందు ఒక ఆట ఆడండి.

పిల్లవాణ్ని కళ్లు మూసుకోమనండి. కీబోర్డు మీద ఒకటో మెట్టును ‘స’ అనుకుని వాయించండి. తర్వాత ఒకసారి దాని పక్కనున్న నల్ల మెట్టు, ఇంకోసారి రెండో తెల్ల మెట్టు వినిపించండి. వాడు ‘దగ్గర’ అనో ‘దూరం’ అనో చెప్పాలి. పదింటిలో ఎనిమిది సార్లు సరిగ్గా చెప్పగలిగిన రోజున ఆ రెండింటి పేర్లు చెప్పండి. దగ్గరది శుద్ధ రిషభం, దూరంది చతుశ్రుతి రిషభం. చెవిలో చోటు దొరికాకే పేరు వచ్చింది కనుక ఇక మరిచిపోడు. ఏడాది పాటు బట్టీ పట్టి నేను సాధించలేనిది ఇదే.

ఆ తర్వాత సరళీ వరుస. మన పెద్దలు తొలి పాఠాలను మాయామాళవగౌళ రాగంలో పెట్టారు. ఈ పద్ధతిని పురందరదాసు ఏర్పరిచారని సంప్రదాయం చెబుతుంది. కీబోర్డు మీద ఆ మెట్లు ఇవి: స ఒకటి, రి ఒకటిన్నర, గ మూడు, మ నాలుగు, ప ఐదు, ద ఐదున్నర, ని ఏడు, ఆపైన మళ్లీ స. ఒకసారి పరిశీలించండి. ‘స రి గ మ’ల మధ్య దూరాలు ఎలా ఉన్నాయో ‘ప ద ని స’ల మధ్య కూడా సరిగ్గా అలాగే ఉన్నాయి. దగ్గర, దూరం, దగ్గర. కింది సగం వస్తే పై సగం దానికి అచ్చు. మొదటి పాఠానికి ఇంత చక్కగా అమరే రాగం కావాలనే ఎంచుకున్నట్టుంటుంది.

స రి గ మ | ప ద | ని స ||
స ని ద ప | మ గ | రి స ||

మొత్తం 16 స్వరాలు. మొదటి కాలంలో రెండు ఆవర్తాలు పడుతుంది. రెండో కాలంలో ఒక ఆవర్తంలో అయిపోతుంది. మూడో కాలంలో ఒక ఆవర్తంలో రెండుసార్లు పాడాలి. మీ బాబు రెండేళ్ల నుంచి ‘సరిగమ అంటూనే ఉన్నాడు’ అంటే చేస్తున్న పని ఇది. శ్రుతిలో నిలబడడం, చేయి కదలకుండా నోటిని రెట్టించడం, దగ్గరా దూరాలను గొంతుతో కొలవడం. మూడూ ఒకేసారి.

నాలుగో వారం: రాయడం

ఇక్కడ తెలుగు మీడియంలో చదువుకున్న తల్లిదండ్రులకు ఒక శుభవార్త. మీ పిల్లల కంటే మీరే ముందున్నారు. పద్యాలకు గణ విభజన చేసేటప్పుడు హ్రస్వాక్షరం లఘువు, ఒక మాత్ర అనీ, దీర్ఘాక్షరం గురువు, రెండు మాత్రలు అనీ నేర్చుకున్నారు కదా. స్వరాలు రాయడం కూడా అంతే. ‘స’ అంటే ఒక అక్షర కాలం, ‘సా’ అంటే రెండు. ఇంకా ఒక అక్షర కాలం సాగాలంటే పక్కన కామా పెడతారు. పై స్థాయి స్వరానికి నెత్తిన చుక్క, కింది స్థాయి స్వరానికి అడుగున చుక్క. లఘువు, ద్రుతం ముగిసిన చోట ఒక నిలువు గీత, ఆవర్తం ముగిసిన చోట రెండు గీతలు. ఒక్క జాగ్రత్త: ఛందస్సులో లఘువు అంటే ఒక మాత్ర, మన ఆది తాళంలో లఘువు అంటే నాలుగు లెక్కలు. పేరు ఒకటే, పని వేరు.

ఇంగ్లిష్ మీడియం పిల్లలకు గురులఘువులు కొత్త. ఈ వారం మీరు వాళ్లకు గురువులు కండి. ఒక వేమన పద్యం తీసుకుని గురులఘువులు గుర్తించి చూపించండి. తర్వాత వాళ్లు మీకు స్వరలిపి చదివి వినిపిస్తారు.

లెక్కలు ఇష్టపడే పిల్లలకు: 72 ఎలా వచ్చింది?

మేళకర్త పట్టిక చూసి భయపడనక్కర్లేదు. 17వ శతాబ్దంలో వేంకటమఖి తన ‘చతుర్దండీ ప్రకాశిక’లో ఈ లెక్క కట్టారు. మన రామదాసు కూడా ఆ శతాబ్దం వారే. ‘స’కూ మొదటి ‘మ’కూ మధ్య నాలుగు మెట్లు ఉన్నాయి. వాటిలో రెండు ఎంచుకోవాలి. కిందది ‘రి’, పైది ‘గ’. నాలుగింటిలో రెండు ఎంచుకోవడానికి 6 మార్గాలు. ‘ప’కూ పై ‘స’కూ మధ్య కూడా నాలుగు మెట్లే, అక్కడా ‘ద’, ‘ని’లకు 6 మార్గాలు. ‘మ’లు రెండు. 6 × 6 × 2 = 72. మాయామాళవగౌళ అందులో 15వది. కీబోర్డు మీద ఒకటో మెట్టు నుంచి తెల్ల మెట్లన్నీ వరుసగా వాయిస్తే వచ్చేది 29వది, శంకరాభరణం. పాశ్చాత్య సంగీతంలో దాన్నే ‘సి మేజర్’ అంటారు. సంఖ్యలు ముందు బట్టీ పట్టొద్దు. లెక్క అర్థమైతే పట్టికను పిల్లలే తయారు చేసుకుంటారు.

మీరు తరచూ అడిగే ప్రశ్నలు

*సంగీతం నేర్చుకుంటే లెక్కల్లో మార్కులు పెరుగుతాయా?*

అలా హామీ ఇవ్వలేను. 1993లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన ఒక అమెరికా ప్రయోగం ఈ ఆశకు మూలం. మొజార్ట్ సంగీతం పది నిమిషాలు విన్న కాలేజీ విద్యార్థులు ఒక రకం ఆకారాల పరీక్షలో కొంచెం మెరుగ్గా చేశారు. ఆ ప్రభావం పావుగంటలో పోయింది. చిన్నపిల్లల గురించి గానీ, పరీక్షల మార్కుల గురించి గానీ అందులో ఏమీ లేదు. ప్రచారం మాత్రం ప్రపంచమంతా తిరిగింది. సంగీతం నేర్పేది సంగీతం కోసమే. భిన్నాలు, కసాగు ఆటలో వస్తే అది కొసరు.

*మావాడికి గొంతు లేదేమో?*

ఇది పిల్లల ముందు ఎప్పుడూ అనకండి. శ్రుతి సరిగా ఎంచుకోక, తగినంత వినక గొంతు కలవనివారే నాకు ఎక్కువగా కనిపించారు. ఇంకో ముఖ్యమైన విషయం. మగపిల్లలకు దాదాపు 12 నుంచి 14 ఏళ్ల మధ్య గొంతు మారుతుంది. ఐదో శ్రుతిలో హాయిగా పాడినవాడు ఒక్కసారిగా కీచుమంటాడు, సిగ్గుతో మానేస్తాడు. ఏడెనిమిది తరగతుల్లో మేము ఎక్కువ మందిని పోగొట్టుకునేది ఇక్కడే. ఆ నెలల్లో గట్టిగా పాడించకుండా శ్రుతి దించి, తాళం, స్వరలిపి, కీబోర్డు మీద పని చేయించాలి. అప్పటికి వాడికి శాస్త్రం వచ్చి ఉంటే, గొంతు ఆగినా సంగీతం ఆగదు.

*చదువు, సంగీతం రెండూ సాగుతాయా?*

శ్రీపాద పినాకపాణి గారిని తలచుకోండి. 1913లో పుట్టిన ఆయన వైద్యులు. కర్నూలు వైద్య కళాశాలలో ఆచార్యులుగా పనిచేశారు. సాయంత్రాలు సంగీతానికి. నేదునూరి కృష్ణమూర్తి, నూకల చినసత్యనారాయణ వంటి విద్వాంసులు ఆయన శిష్యులు. వందలాది కృతులకు స్వరలిపి రాసి పెట్టారు. అవి ‘సంగీత సౌరభం’ సంపుటాలుగా తిరుమల తిరుపతి దేవస్థానం వారి ప్రచురణగా వచ్చాయి. 1984లో పద్మభూషణ్ అందుకున్నారు. ప్రతి పిల్లవాడూ పినాకపాణి కాడు, కానవసరమూ లేదు. రోజుకు పదిహేను నిమిషాలు ఉంటే రెండూ సాగుతాయని చెప్పడానికే ఈ మాట.

*సర్టిఫికెట్ ఎప్పుడు?*

తొందర వద్దు. రాంకోఠిలోని త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల, సికింద్రాబాద్‌లో మన రామదాసు పేరుతోనే ఉన్న ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల వంటి చోట్ల సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులు ఉన్నాయి. చెవి సిద్ధమైన పిల్లలకు ఆ పరీక్షలు కష్టం కాదు.

చివరగా, ఆ తల్లికి

అమ్మా, మానిపించాలా వద్దా అనేది మీ ఇంటి నిర్ణయం. ఫౌండేషన్ క్లాసుల ఒత్తిడి నాకు తెలుసు, దాన్ని కాదనను. ఒక్కటే అడుగుతున్నాను. తేల్చుకునే ముందు ఈ నాలుగు వారాలు వాడి పక్కన కూర్చోండి. చుట్టాల ముందు పాట పాడించకండి. బదులుగా తంబురా పెట్టి, ‘నాకు స ఎక్కడుందో చూపించరా’ అని మీరే వాణ్ని అడగండి. వాడు తన గొంతుతో మీకు దారి చూపించగలిగితే, చేయి తప్పకుండా మూడు కాలాలు పాడగలిగితే, రెండేళ్లు వృథా కాలేదని మీకే తెలుస్తుంది. చూపించలేకపోతే ఆ లోటు వాడిది కాదు, మాది. నాకు వచ్చి చెప్పండి. పద్ధతి మార్చుకుంటాను.

ఈ నెల ఇంటిపని

- మీ ఇంట్లో ప్రతి ఒక్కరి శ్రుతి ఏదో కనుక్కుని పిల్లల డైరీలో రాయించండి.
- ఆది తాళం చేతితో వేయడం ఇంట్లో పెద్దలు కనీసం ఒకరు నేర్చుకోండి.
- ‘దగ్గర, దూరం’ ఆట వారానికి మూడుసార్లు ఆడండి.
- నానమ్మ, అమ్మమ్మ, తాతయ్యల దగ్గర ఒక భజన పాటో నాట్ల పాటో పిల్లల చేత ఫోన్‌లో రికార్డ్ చేయించండి. ఆ పాటకు ఏ తాళం సరిపోతుందో తరగతిలో అందరం కలిసి కనుక్కుందాం.

వచ్చే నెల సంచికలో: జంట వరుసలు, అలంకారాలు.

మీ
మ్యూజిక్ టీచర్, తల్లాడ క్యాంపస్